కోడలు రాసిన చందమామ

లాల్‌పేట్, చంద్రాపూర్.

కాగజ్‌నగర్‌లో ఉన్న వదినె రాజేశ్వరి గారికి. ఇక్కడ అందరం బాగున్నాం, మీ బిడ్డ సౌజన్య కూడా.

పెళ్లయ్యాక ఇంకా కంప్యూటర్ చదువెందుకని మీరన్నారట, మానేస్తానంటోంది. ఫోన్లో అడిగితే మాట మార్చేస్తారని కార్డు రాస్తున్నాను. నిన్న సాయంత్రం బియ్యం ఏరుతుంటే నన్ను పిలిచి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. తెరంతా చీకటి. నా వేలు పట్టుకుని ఒక మీట నొక్కించింది. కింది నుంచి తెల్లని చందమామ మెల్లగా లేచింది, మా బొగ్గు కుప్పల వెనక నుంచి వచ్చినట్టే. తర్వాత చుక్కలు ఒక్కొక్కటే వెలిగాయి.

"ఏడికెల్లి తెచ్చినవే ఈ బొమ్మ?" అన్నాను.

"తెచ్చింది గాదత్తమ్మా. ఎట్ల లెవ్వాల్నో, ఎంత మెల్లగ పోవాల్నో అంత నేనే రాసిన. నేను జెప్పినట్టే ఇంటది."

ఆకాశానికి పని చెప్పే పిల్ల మా ఇంట్లో ఉందా అనిపించింది. "నువ్వు క్లాసుకు పో బిడ్డా, వంట నేను జూస్కుంట" అన్నాను. "మా అమ్మ ఒప్పుకోదు" అని తల వంచుకుంది. పొద్దుటి నుంచి ఏ పని చేస్తున్నా ఆ వెలుగే నా కళ్లలో తేలుతోంది.

మామిడికాయ తొక్కు పెట్టారా? మా అబ్బాయి మారుతి అటు వస్తున్నాడు, ఒక డబ్బా ఇచ్చి పంపండి. అన్నయ్య గారి మోకాలి నొప్పి తగ్గిందా? చిన్నమ్మాయికి నా దీవెనలు. క్లాసులు వచ్చే నెల మొదలవుతాయి. ఈలోపు సౌజన్యకు ఫోన్ చేసి, చదువుకో బిడ్డా అని ఒక్క మాట అనండి. నేనెంత చెప్పినా అత్తనే కదా, అది అమ్మ మాట కోసం చూస్తోంది.

మీ వదినె,
కాంతమ్మ