సైవ మనవడు

మే 4
నాన్న ఎనభై ఒకటో పుట్టినరోజు. డీఎన్ఏ కిట్ కొన్నాను. ఒకటి కొంటే ఒకటి ఫ్రీ. రెండోది సొరుగులో పడేశాను. బుగ్గలో పుల్ల పెట్టి రుద్దుతుంటే, నేనేమన్నా ఆవునా అని నాన్న ఒకటే నవ్వు.

జూన్ 20
రిజల్ట్ వచ్చింది. తండ్రి నుంచి కొడుక్కి దిగే గుర్తు ఒకటుంది, ఎం 222. ఐర్లండ్‌లో మా డోనెగల్‌లో మగవాళ్లలో చాలామందికి ఉంటుంది, పాతకాలపు రాజు వారసులని దానికి అర్థమంటారు. నాన్నకి లేదు. నోరు మూసుకోవాల్సింది. నా బుద్ధి గడ్డి తిని పబ్బులో వాగాను.

జూన్ 22
ఊరంతా పాకింది. వంశ సభ ప్రెసిడెంట్ ఫెర్గల్ వచ్చాడు. ఏటా జూలైలో పాత కోట దగ్గర రాయెక్కి, పోయినవాళ్ల పేర్లు చదివేది నాన్నే. నలభై ఏళ్లుగా. ఈసారి వద్దులే బాబాయ్, రాజరక్తం ఉన్నవాళ్లే చదవాలి, ఏమనుకోకు అన్నాడు. నువ్వు చేయించుకున్నావా పరీక్ష అన్నాను. నన్ను చూస్తే తెలియట్లా అని గడ్డం నిమురుకున్నాడు. తలుపు వాడి మొహానే వేశాను.

నాన్న టీ ముట్టలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

జూన్ 23
ఊళ్లో సగం మందిది ఒకే ఇంటిపేరు. అందుకని తండ్రి, తాత, ముత్తాతల పేర్లు వరసగా తగిలించి పిలుస్తారు. నేను నూలా ఓవెన్ కానల్ సైవ. చివరిది ఆడపేరు. ముత్తాత సముద్రంలో పోయాడు కాబట్టి ముత్తవ్వ పేరు నిలిచిందనుకునేదాన్ని.

ఇవాళ అడిగాను. ఎక్కడి ముత్తాతే, మా నాయనమ్మ సైవ దుంపలు తవ్వే కూలికి స్కాట్లండ్ వెళ్లి కడుపుతో తిరిగొచ్చింది, పెళ్లా పెటాకులా, మన ఇంటిపేరు ఆవిడదే అన్నాడు నాన్న. ఊళ్లో పెద్దవాళ్లందరికీ తెలుసట. మమ్మల్ని పిలిచినప్పుడల్లా చెబుతూనే ఉన్నారు. నేనే వినలేదు.

ఈసారీ రాయెక్కేది నాన్నే, ఇక చూస్తాను, ఎవడు ఆపుతాడో.

జూలై 19
నాన్న రాయెక్కాడు. ఫెర్గల్ మైకు తీగ పీకేశాడు. నాన్న గాలికి ఎదురు నిలబడి గొంతెత్తాడు. మొదటి పేరు సైవ. పేరు వినగానే ఆ ఇంటివాళ్లు చెయ్యెత్తాలి. నేను రెండు చేతులూ ఎత్తాను.

కమిటీవాళ్లు గొణిగారు. అప్పుడు మా పక్కింటి ఊనా, తొంభై దాటిన మనిషి, మా అమ్మ పేరు కూడా చదవరా ఓవెన్, ఆవిడా ఆ స్కాట్లండ్ పడవలోనే వెళ్లొచ్చింది అని కేకేసింది. తర్వాత ఇంకొకరు. ఆపైన అందరూ. నాన్న జేబులోని లిస్టు తీయనే లేదు. గంటన్నర పట్టింది. నేను ఏడ్చాను, చేతులు మాత్రం దించలేదు.

జూలై 20
రెండో కిట్ తీసుకెళ్లి ఫెర్గల్ గుమ్మంలో పెట్టాను.

ఆగస్టు 3
ఇంకా అక్కడే ఉంది. వానలో నానుతోంది.