దీపం పెట్టేలోపు

ఆగస్టు 23, శనివారం

మహిమ ఈసారి కూడా కారెక్కలేదు. ఖమ్మంలో వాళ్ల నాన్న ఇంటి గేటు పట్టుకుని నిలబడి, "ఆ కార్ల నేనెక్క మమ్మీ," అంది. ఇది నాలుగో శనివారం. పదేళ్ల పిల్లని ఎత్తి లోపల పడేయలేను కదా. పక్కనున్న పార్కుకి నడిచి వెళ్లాం. కోర్టు నాకు ఇచ్చింది వారానికి మూడు గంటలు, పదకొండు నుంచి రెండు. అందులో గంట వానకే పోయింది.

ఎందుకు ఎక్కదో నాకు తెలుసు. నేనూ వాళ్ల నాన్న ప్రభూ కొట్లాడుకున్నదంతా ఆ హైబ్రిడ్ ఎస్‌యూవీలోనే. ఇంట్లో అరిస్తే మా అత్తయ్య వింటుందని కారులో కూర్చుని అరుచుకునేవాళ్లం. వెనక సీట్లో పిల్ల ఉందన్న సంగతి ఇద్దరికీ గుర్తుండేది కాదు. విడిపోయాక మహిమ వాళ్ల నాన్న దగ్గర ఉండిపోయింది, స్కూలు అక్కడే కాబట్టి. కారు నాకు మిగిలింది.

నా పేరు మీదే ఉంది. అమ్మేయొచ్చు.

ఆగస్టు 31, ఆదివారం

అమ్మేశాను. సత్తుపల్లి నుంచి ఎవరో వచ్చి తీసుకెళ్లారు. సీటు కవర్లు బాగున్నాయన్నారు.

సెప్టెంబర్ 10, బుధవారం

కరెంటు కారు వచ్చింది. సెకండ్ హ్యాండ్, చిన్నది, తెలుపు. ఫుల్ ఛార్జి మీద నూట ఎనభై కిలోమీటర్లు వస్తుందని అమ్మినవాడు చెప్పాడు. నూట అరవై వస్తే గొప్ప. పాస్టర్ గారు బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, ఇక స్టార్ట్ చెయ్యమ్మా అన్నారు. స్టార్టయ్యే ఉందండీ అన్నాను. ఆయన గబుక్కున చెయ్యి తీసేశారు.

మా ఓనరు సీతారావమ్మ గారు చుట్టూ తిరిగి చూసింది. వాళ్లు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ బూర్గంపాడు వైపు మిర్చి వేసుకుని స్థిరపడినవాళ్లు. సారపాకలో ఈ ఇల్లు కట్టారు. ముందు భాగంలో ఆవిడా, భర్త బసవపున్నయ్య గారూ. వెనక రెండు గదుల్లో నేను కిరాయికి. ఆవిడని పెద్దమ్మా అని పిలుస్తాను. హైబ్రిడ్ అమ్మేసి నాటుది కొన్నావేంటమ్మాయ్, దిగుబడి తగ్గదూ అని అడిగింది. ఇది మిర్చి విత్తనం కాదు పెద్దమ్మా అన్నాను. ఏదైతేనేం, హైబ్రిడ్ హైబ్రిడే కదా అంది.

వరండా గోడకి పెద్ద ప్లగ్ పెట్టించుకోవడానికి ఒప్పుకుంది. సబ్ మీటర్ ఉంది కాబట్టి డబ్బు గొడవ లేదు. అయినా అడగడానికి నాకు రెండు రోజులు పట్టింది. హైబ్రిడ్‌కి ఎవరినీ అడిగే పని లేదు, తన కరెంటు తనే చేసుకునేది. దీనికి రోజూ ఒకరి గోడ కావాలి. నాకు అడగడం చేతకాదు. నా కాపురం పాడైంది కూడా అక్కడేనని మా అమ్మ అంటుంది.

సెప్టెంబర్ 12, శుక్రవారం

సికిల్ సెల్ రక్తహీనత పరీక్షల ప్రోగ్రాంలో ల్యాబ్ సూపర్‌వైజర్‌ని. ప్రతి శుక్రవారం చర్ల క్యాంపు. వెళ్లి రావడం నూట ముప్పై. ఇల్లు చేరేసరికి బ్యాటరీ 20 శాతం. ప్లగ్ పెట్టబోతే పెద్దమ్మ లోపల్నుంచి ఒకటే కేక. శుక్రవారం దీపాలు పెట్టాక ఇంట్లోంచి ఏదీ బయటికి పోకూడదట.

ఉప్పు, పెరుగు, సూది ఇవ్వరని తెలుసు. చిన్నప్పుడు మా పక్కింట్లో అడిగి తిట్లు తిన్నాను కూడా. కరెంటు కూడానా అన్నాను. "కరెంటు లక్ష్మి కాదా ఏంటి? గోడలోంచి వాకిట్లోకి తెల్లార్లూ పోతా ఉంటే చూస్తా పడుకోమంటావా?" అంది.

బసవపున్నయ్య గారు లోపలి నుంచే నా పక్షాన వాదించారు. శుక్రవారం రాత్రి చేలో మోటారు నడవడం లేదా, అప్పుడు లక్ష్మి పోవడం లేదా అని. అది మన చేలోకే పోతుంది, కాయై మళ్లీ ఇంటికే వస్తుంది, కారుకిచ్చింది ఖమ్మం పోతుంది అని ఆవిడ జవాబు. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

సెప్టెంబర్ 13, శనివారం

తెల్లవారి వాకిలి ఊడ్చి ముగ్గేశాక ఇవ్వొచ్చట. ఐదున్నరకి పెట్టాను. ఎనిమిదికి 50 శాతం. ఖమ్మానికి 75 కావాలి. భద్రాచలంలో కారు ఛార్జర్ ఉంది గానీ రెండు నెలలుగా తెర వెలగడం లేదు. కొత్తగూడెంలో ఒకటి ఉంది. అక్కడ ముందున్న కారు ఆయన ఛార్జింగ్ గన్ తన బండికి తగిలించి టిఫినుకి వెళ్లాడు.

పదకొండు నలభైకి చేరాను. ప్రభు గేటు దగ్గర ఫోన్ పట్టుకుని నిలబడి, కారుకీ నాకూ కలిపి ఫోటో తీశాడు. టైముతో సహా పడుతుందట.

మహిమ బండి చుట్టూ ఒకసారి తిరిగింది. వెనక సీటు కిటికీలోంచి తొంగి చూసింది.

"ఇందుల ఎవరన్న లొల్లి పెట్టుకున్నరా?"

లేదన్నాను. ఎక్కింది.

ఖమ్మంలోనే ఒక ఛార్జర్ దగ్గర కారు ఆపుకుని, అందులోనే కూర్చుని పల్లీలు తిన్నాం. స్కూల్లో బల్లి పడ్డ సాంబారు సంగతి మొత్తం చెప్పింది. తనకి ఎడమ పక్క పైపన్ను ఊడింది. నాకు తెలియదు.

సెప్టెంబర్ 19, శుక్రవారం

పెద్దమ్మతో చట్టం మాట్లాడాను. దీపం పెట్టకముందే నేను ప్లగ్ పెట్టేస్తే, ఆ తర్వాత తెల్లార్లూ పోయే కరెంటు సంగతేంటి? ఆవిడ తీర్పిచ్చింది. చేతిలో పెట్టేసినట్టే లెక్క, పెట్టాక అది నీ సొమ్ము, నా ఇంట్లోంచి పోయినట్టు కాదు అంది. సుప్రీంకోర్టు కూడా ఇంత స్పష్టంగా చెప్పదు.

ఆవిడ ఆరుంబావుకి వెలిగిస్తుంది. ఆరింటికల్లా వచ్చేశాను.

అక్టోబర్ 10, శుక్రవారం

పొద్దు గూకే వేళ ముందుకి జరుగుతోంది. ఐదు యాభైకే దీపం. ఏడు నిమిషాల తేడాతో బతికాను.

అక్టోబర్ 24, శుక్రవారం

కార్తీకం వచ్చింది. ఇప్పుడు తులసికోట దగ్గర కూడా దీపం. ఐదు నలభైకే మొదలు. గోదావరి బ్రిడ్జి మీద వెదురు లారీ ఆగిపోయి ట్రాఫిక్ జాం. ఇంటి గేటు ముందుకొచ్చేసరికి ఐదు నలభై నాలుగు. పెద్దమ్మ చేతిలో అగ్గిపెట్టె. నన్ను చూసింది. చూసి మరీ గీసింది.



అక్టోబర్ 25, శనివారం

కొత్తగూడెం ఛార్జర్‌ని నమ్మలేక బస్సులో వెళ్లాను. టైముకే చేరాను. మహిమ నా వెనక్కి చూసి కారేదని అడిగింది. ఇంటి దగ్గర ఉందన్నాను. పార్కుకి నడిచాం. మళ్లీ ఆగస్టులో ఉన్నట్టుంది.

దింపేటప్పుడు ప్రభు మెల్లగానే అన్నాడు. "గా బండి అడివి నడిమిట్ల ఆగితే పిల్లను ఎత్తుకొని నడుస్తవా?"

అది తప్పు మాట కాదు. అందుకే కడుపు మండింది.

నవంబర్ 3, సోమవారం

లాయర్ ఫోన్ చేశాడు. కోర్టు ఒక రాత్రి ఇచ్చింది. పదిహేనో తారీఖు శనివారం మహిమని సారపాక తెచ్చుకోవచ్చు. ఆదివారం సాయంత్రం దింపాలి. ప్రభు కారు మీద అభ్యంతరం పెట్టి, నేను లేటుగా వచ్చిన ఫోటోలు ఇచ్చాడట. అందుకని కండిషన్. కోర్టు కౌన్సెలర్ పదకొండింటికి గేటు దగ్గర ఉంటుంది. అదే కారులో, పదకొండు లోపు రావాలి. తప్పితే జనవరి దాకా రాత్రుల ఊసు ఎత్తొద్దన్నారు.

సంతోషం వేసింది. చాలా వేసింది. ఒక్క నిమిషం పోయాక లెక్క వేశాను. పదిహేను శనివారమైతే, పద్నాలుగు శుక్రవారం. కార్తీకంలో.

నవంబర్ 4, మంగళవారం

మా ప్రోగ్రాం డాక్టర్‌ని సెలవు అడిగాను. పద్నాలుగున క్యాంపు ముందే చాటింపు వేయించారు, నేను లేకపోతే రక్తం తీసేవాళ్లు లేరన్నారు. చర్లలో ఛార్జి పెట్టి చూశాను కిందటి వారం. అక్కడి వోల్టేజీకి బండి ఎర్ర లైటు చూపించి మొండికేసింది. మా ఆఫీసు గేటు ఆరింటికి తాళం. ఎటు చూసినా ఆవిడ గోడే.

నవంబర్ 9, ఆదివారం

చర్చి నుంచి వచ్చి నేరుగా పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. ఇన్నాళ్లూ శనివారం ఖమ్మంలో ఆఫీసు మీటింగులని చెప్పాను. అది అబద్ధమని ఇవాళ ఒప్పుకున్నాను. ప్రభు, కోర్టు, మూడు గంటలు, ఒక రాత్రి, అన్నీ చెప్పాను. ఒక్క శుక్రవారం దీపాలయ్యాక ఇవ్వమని అడిగాను. చేతులు కట్టుకుని అడిగాను.

ఆవిడ చేటలో కందిపప్పు ఏరుతోంది. ఏరడం ఆపలేదు. చాలా ఏళ్ల కిందట ఒక కార్తీక శుక్రవారం దీపాలయ్యాక ఎవరో అడిగితే కాదనలేక శేరు బియ్యం ఇచ్చిందట. ఆ ఏడే మిర్చికి బొబ్బర తెగులొచ్చి చేను చేనంతా దున్నేశారట. పురుగుమందు డబ్బా దొరక్కుండా రాత్రిళ్లు భర్తకి కాపలా పడుకుందట. డబ్బా సంగతి విన్నాక, బియ్యానికీ తెగులుకీ ఏం సంబంధమని నేను అడగలేదు.

నా వల్ల కాదమ్మాయ్ అంది.

గదికొచ్చాక కోపం వచ్చింది. నా పిల్ల కంటే ఎప్పుడో పోయిన మిర్చి ఎక్కువైంది. ఆచారం పేరు చెప్పుకుని మనిషిని వదిలేసేవాళ్లని మా చర్చిలోనూ చూశాను. డిసెంబర్లో ఇల్లు మారతాను.

నవంబర్ 13, గురువారం

100 శాతం. రేపు క్యాంపు మూడింటికి కట్టేస్తే ఐదుకి ఇక్కడ ఉంటాను.

నవంబర్ 14, శుక్రవారం, రాత్రి 8:30

మూడింటికే పెట్టె సర్దాను. కారు దాకా వచ్చాను. అప్పుడు ఒకామె లోపలి గూడెం నుంచి పిల్లని వీపున కట్టుకుని వచ్చింది. ఆరేళ్లుంటాయి. పిల్ల కళ్లు పచ్చగా ఉన్నాయి. వాళ్ల మాట నాకు సగమే అర్థమవుతుంది. పదకొండు కిలోమీటర్లు నడిచారని ఆశా కార్యకర్త చెప్పింది. వచ్చే శుక్రవారం రమ్మని చెప్పొచ్చు. రారు. నాకు తెలుసు.

పెట్టె మళ్లీ విప్పాను. రక్తం తీశాను. పిల్లకి జ్వరం కూడా ఉంది. అంబులెన్స్ కోసం ఫోన్లు. అది వచ్చి వాళ్లు ఎక్కేసరికి ఐదుంబావు. అప్పటికే ఇక్కడ దీపం వేళ అయిపోతూ ఉంటుంది. తొందరపడలేదు ఇక. దేనికోసం తొందర? దుమ్ముగూడెం దగ్గర కారు ఆపుకుని లాయర్‌కి మెసేజ్ టైప్ చేసి, పంపకుండా చెరిపేశాను.

ఏడు ఇరవైకి ఇల్లు. 18 శాతం.

ఇల్లంతా చీకటి. కరెంటు పోయిందనుకున్నాను. కానీ ఎదురింట్లో టీవీ మోగుతోంది, వీధి లైటు వెలుగుతోంది. మా వాకిట్లోనే ఏమీ లేదు. వరండాలో కుర్చీలో బసవపున్నయ్య గారి ఆకారం కనపడింది. వార్తలు కూడా పెట్టనివ్వలేదమ్మా, దేవుడి దీపం పెట్టకముందు ఇంట్లో బుడ్డి లైటు కూడా వెయ్యకూడదంట, ఐదున్నర నుంచి ఇట్టాగే కూచోబెట్టింది అన్నారు.

తులసికోట పక్కన పీట మీద పెద్దమ్మ. ప్రమిదలో నూనె పోసుంది, వత్తి వేసుంది. ఒళ్లో అగ్గిపెట్టె.

నేను ఏదో అనబోయాను. ముందు ప్లగ్గు పెట్టు, తర్వాత మాట్లాడుదువుగాని అంది. చీకట్లో రెండుసార్లు జారింది. మూడోసారి పడింది. బండికి పచ్చ లైటు వెలిగింది. పెద్దమ్మ ఆ లైటు వంక చూసి, అప్పుడు అగ్గిపుల్ల గీసింది.

సంధ్య ఎప్పుడో దాటిపోయిందిగా పెద్దమ్మా, కార్తీకంలో ఇదేం పని అన్నాను.

"దీపం పెట్టాక ఇవ్వకూడదన్నాను. పెట్టేదాకా ఇవ్వొచ్చుగా," అంది. వేళ తప్పిన సంగతి తులసమ్మకి తాను చెప్పుకుంటానంది. మోకాళ్లు పట్టేసి లేవలేకపోయింది. నేను పట్టుకుని లేపాను.

ఏడుపొచ్చింది. ఆవిడ ముందే ఏడ్చాను. శుక్రవారం ఏడవకూడదు, లోపలికి పో అని కసిరింది.

నవంబర్ 15, శనివారం, సాయంత్రం 5:20

కారులోనే రాస్తున్నాను. పదిన్నరకే చేరాను ఖమ్మం. కౌన్సెలర్ సంతకం పెట్టింది. తిరుగుదారిలో పాల్వంచ దాటాక అడవిలో మహిమ నిద్రపోయింది, నా పక్క సీట్లో, నోరు తెరుచుకుని. ఇల్లొచ్చినా మెలకువ రాలేదు. పెద్దమ్మ అద్దంలోంచి పిల్లని చూసింది. లేపొద్దని సైగ చేసి, వైరు తానే లాక్కుని పెట్టింది.

లేపలేదు.