ఎడమ పక్క, కుడి పక్క

మార్చి 3

ఈ రోజు నా స్పీడు చూసి నాకే ముచ్చటేసింది. డ్రాయింగ్ టీచరుగారి ఫొటోలు 412, బుక్ వెయ్యాలి. ఒక్కటీ నిటారుగా లేదు, అన్నీ పక్కకి ఒరిగినవే. ఫోను పట్టుకోవడం రానివాళ్లు పిల్లలకేం బొమ్మలు నేర్పుతారో! కిటికీలు నిలబెట్టాను, తలుపులు నిలబెట్టాను, మనుషుల్ని నిలబెట్టాను. టీ చల్లారేలోపు పని ఫినిష్.

ముందు డూప్లికేట్, తర్వాతే రొటేట్ అని స్టూడియోలో అందరికీ క్లాసు పీకేది నేనే. కాపీ తియ్యకుండా ఆవిడ పెన్‌డ్రైవ్‌లో ఒరిజినల్స్ మీదే సేవ్ కొట్టిందీ నేనే. ఇంత చిన్న పనికి కాపీలెందుకు?

మార్చి 5, ఉదయం 11

టీచరుగారు చేతికర్రతో వచ్చారు. మెచ్చుకుంటారని పళ్లికిలించుకుని నిలబడ్డాను. నాలుగు ప్రూఫులు చూసి, ఇవి నావి కావమ్మా అన్నారు.

మెట్ల మీంచి పడి, వెన్ను దెబ్బతిని ఏడు నెలలు మంచంలోనే ఉన్నారట. వెల్లకిలా పడుకోకూడదు. రెండు గంటలకోసారి ఆడపడుచు వచ్చి పక్క తిప్పేదట. ఓపికున్నప్పుడల్లా, ఎదురుగా ఏముంటే అది, పడుకున్న కంటికి ఎలా కనబడితే అలా, ఆటో రొటేట్ ఆపేసి మరీ తీశారట. ఏడేళ్లలా గడిచిన ఆ ఏడు నెలల్లో నేను సొంతంగా చేసుకున్న పని ఇదొక్కటేనమ్మా, దాన్నీ సరిచేసేశావా అని అడిగారు. కేకలేసినా బాగుండేది.

ఆవిడ ఫోను ఎప్పుడో పాడైంది. వేరే కాపీ లేదు. ఏది ఎటు ఒరిగి ఉండేదో నాకూ గుర్తులేదు.

మార్చి 5, మధ్యాహ్నం 3

సిగ్గుతో చచ్చాను. అన్నిటినీ ఒకే వైపు పడేసి ఇచ్చెయ్, ఎవరికి తెలుస్తుంది అన్నాడు ఓనరు. ఆవిడకి తెలుస్తుంది.

మార్చి 6

దొరికింది! ఫోన్ చేసి మంచం ఎలా ఉండేదో అడిగాను. ఎడమ పక్కకి తిరిగితే కిటికీ, కుడి పక్కకి తిరిగితే తలుపు. ఇంకేం కావాలి? కిటికీవన్నీ ఒకవైపు ఒరగేశాను, తలుపువన్నీ ఇంకోవైపు. ఈసారి ముందు డూప్లికేట్, ఒట్టు. 381 తేలిపోయాయి. నేను మామూలుదాన్ని కాదు.

మార్చి 7

మిగిలిన ముప్ఫై ఒకటిలో కిటికీ లేదు, తలుపు లేదు. దుప్పటి అంచు, గ్లాసు పట్టుకున్న చెయ్యి, అంతే. ఒక్కోదానికి రెండు కాపీలు చేసి, ఒకటి ఎడమకి, ఒకటి కుడికి ఒరగేశాను. టీచరుగారిని పిలిపించి స్టూడియో సోఫాలో పడుకోబెట్టి చూపించాను. ఓనరు నోరెళ్లబెట్టాడు. గ్లాసు ఎడమ, దుప్పటి కుడి అని ఆవిడ టకటకా చెప్పేశారు. ఒళ్లు మర్చిపోదమ్మా అన్నారు. ముప్ఫై తేలాయి.

ఆఖరిది ఆడపడుచు ముఖం. ఫ్రేము నిండా అదే, నిద్ర చాలని కళ్లు. టీచరుగారు అటు తిరిగి చూశారు, ఇటు తిరిగి చూశారు. తేల్లేదు. ఏదో ఒకటి ఖాయం చేసేద్దామన్నాను. వద్దన్నారు. రెండూ ఎదురెదురు పేజీల్లో వేసెయ్యమ్మా, రెండు పక్కలకీ తిప్పింది తనే కదా అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

మార్చి 14

టీచరుగారూ ఆడపడుచూ ఇద్దరూ వచ్చి బుక్ తీసుకున్నారు. బొమ్మ నిటారుగా కనబడాలంటే పేజీ పేజీకీ పుస్తకాన్ని తిప్పాలి. ఆడపడుచే తిప్పింది, అరచెయ్యి కింద ఆనించి, మెల్లిగా. తిప్పే ముందు ప్రతిసారీ, తిప్పనా వదినా అని అడిగింది.