పెద్దిరాజు గారింటి పాల దిగుమతి విధానం

అల్లవరం,
జూన్ 3.

చిరంజీవి యామినికి మావయ్య పెద్దిరాజు ఆశీస్సులు.

ఫోనులో నాకు "ఆయ్" తప్ప మాట రాదని నీకు తెలుసు. అందుకే ఉత్తరం. విశాఖలో ముడిచమురు కొనే ఆఫీసులో చేరావని మీ అమ్మ చెప్పింది. నేను బళ్ళో చదివింది ఏడో తరగతి, మిగతాదంతా పేపర్లో. రొయ్యల చెరువు మీద ఇంజనుకి డీజిల్ పోసేవాణ్ణి కనుక చమురు ధర రోజూ పుస్తకంలో రాసుకుంటాను. మన దేశం ఒకరికి పీపాకి ఒక ధర, ఇంకొకరికి ఇంకో ధర ఇస్తోంది. ఎందుకని? మా ఇంట్లో పద్దెనిమిదేళ్ళుగా మీ అత్తయ్య వాళ్ళక్క భవానీదేవి వదిన గారే పాలు పోస్తున్నారు. ఆవిడ చెప్పిందే ధర. గొడవ లేదు.

ఇట్లు,
పెద్దిరాజు.

తా.క. ఇంజను డీజిల్ తాగుతుంది, నేను కాఫీ తాగుతాను. ఇద్దరిలో ఇంజనే ఎక్కువ మాట్లాడుతుందని మీ అత్తయ్య అంటుంది.

విశాఖపట్నం,
జూన్ 9.

మావయ్య గారికి యామిని నమస్కారాలు.

నేను చేరి నాలుగు నెలలైంది. నా ఉద్యోగం గురించి ఇంత శ్రద్ధగా అడిగింది మీరొక్కరే. చమురంతా ఒకటి కాదు మావయ్యా. పల్చనిది, చిక్కనిది, గంధకం ఎక్కువున్నది, ఇలా రకాలు. చౌకగా వచ్చినా ఓడ కిరాయి, బీమా కలిపితే ఆ చౌక నిలవదు. ఒక్కరి మీదే ఆధారపడితే వాళ్ళు ఆడింది ఆట. అందుకే నలుగురి దగ్గరా కొని, తగ్గించమని అడిగి, కష్టకాలానికి కొంత నిలవ పెట్టుకోవాలి.

మీ యామిని.

తా.క. పద్దెనిమిదేళ్ళు బేరమాడకుండా కొన్నారా! మా ఆఫీసులో అయితే మెమో ఇస్తారు.

అల్లవరం,
జూన్ 16.

చిరంజీవి యామినికి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివి అమలు చేశాను. వదిన గారితో నోటితో చెప్పలేక, ఖాళీ పాలక్యానులో చీటీ పెట్టాను: "ధర తగ్గించగలరా? లేనిచో ఇతర సరఫరాదారులను చూడవలసి వచ్చును." ఆవిడ దాన్ని వీధిలో నిలబడి పైకి చదివారు. "ఏమండీ మరిది గారూ, చెల్లెలింటికి పాలు పోస్తే నేను సరఫరాదారునయ్యేనాండీ?" అన్నారు. కంగారులో "ఆయ్" అన్నాను.

ఇప్పుడు సగం పాలు మా వీధి చివర గేదెనున్న సుందరి దగ్గర, సగం కాలవ అవతల సాలమోను దగ్గర. సాలమోను రెండు రూపాయలు తక్కువకే ఇస్తాడు. అక్కడికి వెళ్ళిరావడానికి బండికి పెట్రోలు పదకొండు రూపాయలు. ఫ్రిజ్‌లో ఆరు లీటర్లు నిలవ పెట్టాను.

మావయ్య.

తా.క. మీ అత్తయ్య నాతో మాట్లాడి మూడు రోజులైంది. అందులో మొదటి రెండు రోజులు నేను గమనించలేదు.

అల్లవరం,
జూన్ 20.

యామినికి,

నీ జవాబు రాకముందే రాస్తున్నాను. వదిన గారు, సుందరి, సాలమోను ముగ్గురూ పాలకేంద్రం దగ్గర కలుసుకున్నారు. సుందరి గేదె వట్టిపోయిందట. సాలమోను గేదె అత్తారింటికి వెళ్ళిందట. నిన్న కరెంటు పోయి నా నిలవ విరిగిపోయింది. మీ అత్తయ్య కాఫీ ఫిల్టరు చంకన పెట్టుకుని, "పాలున్న చోటే ఉంటానండి" అని అక్క గారింటికి వెళ్ళిపోయింది. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. నాకే ఎక్కువనిపిస్తోంది.

మావయ్య.

తా.క. ఇప్పుడేం చెయ్యాలో దేశం దగ్గర విధానం ఏదైనా ఉందా?

విశాఖపట్నం,
జూన్ 24.

మావయ్యా! నేను చెప్పింది దేశం సంగతి, మీ ఇంటి సంగతి కాదు. వెంటనే భవానీదేవి గారింటికి వెళ్ళి తప్పయిందని చెప్పి అత్తయ్యని తీసుకురండి.

యామిని.

తా.క. చీటీ రాయకండి. నోటితో చెప్పండి.

అల్లవరం,
జూలై 15.

చిరంజీవి యామినికి ఆశీస్సులు.

వెళ్ళాను. "తప్పయింది" అన్న మాట దారంతా అనుకుంటూనే వెళ్ళాను. గేటు దగ్గర వదిన గారు ఎదురయ్యేసరికి గేదె వైపు చూస్తూ నిలబడ్డాను. "గేదె ఈనింది. చూడ్డానికొచ్చేరా?" అన్నారు. "ఆయ్" అన్నాను. "బాగుందా అండీ?" "ఆయ్." "కొంటారా ఏంటి?" ఏమన్నానో నీకు చెప్పనక్కర్లేదు. లోపల మీ అత్తయ్య నవ్వు వినిపించింది. గేదె, దూడ, వాటి వెనకే ఫిల్టరుతో మీ అత్తయ్య మా ఇంటికి వచ్చేశారు. "మేత వెయ్యడం రాని మనిషికి గేదెనొదిలేసి ఉండలేనండి" అంది. నా కోసం వచ్చానని మాత్రం అనలేదు. నేనూ అడగలేదు.

మా ఇద్దరికీ పాలు ఎక్కువయ్యాయి. మిగిలినవి వీధిలో వాళ్ళకి అమ్ముతున్నాం. మొన్న వదిన గారు, సుందరి, సాలమోను మా అరుగు మీద కూర్చుని ధర ఎవరూ తగ్గించకూడదని తీర్మానించారు. నన్ను అధ్యక్షుణ్ణి చేశారు. నేనైతే లోపలి మాట బయటికి పొక్కదట.

ఇప్పుడు పేపర్లో చమురు దేశాలు ధర పెంచాయని చదివితే, పాపం, వాళ్ళకీ మేత ఖర్చు ఉంటుంది కదా అనిపిస్తోంది.

మావయ్య.

తా.క. ఇక్కడ మన ఊళ్ళో మీ అమ్మకి పాలు పోసేది ఇప్పుడు మేమే. ఈ నెల నుంచి లీటరుకి నాలుగు రూపాయలు పెంచాం. ఎందుకు పెంచారో అడుగుతూ నీకు ఉత్తరం రాస్తానంటోంది. దయచేసి జవాబివ్వకు.