మోదుగుపూల మూట

లచ్చిమి నాయినా,

నందికొండ డ్యాం పనికాడ జరమొచ్చి నువ్వు పానం ఇడిసి ఏడాదాయె. ఆ పనికి పోయేముందు, హోలికని నువ్వు ఏరి ఆరబెట్టిన మోదుగుపూలను నేను పారెయ్యలే. ఎండ తగిలితే రంగు పోతదంటివి గద, అందుకే ముసురు వెలిసినప్పుడల్లా మూట విప్పి, పురుగు దులిపి, నీడలనే ఆరబోసిన.

నిన్న హోలి. "చెట్లనిండ కొత్తపూలుంటే గీ పాతయెందుకే అమ్మా?" అన్నది లచ్చిమి. నేను ఎసరు పెట్టి, పూలు అండ్లేసిన.

రంగు మంచిగనే దిగింది. బిడ్డ బిందె ఎత్తుకొని వాడకు ఉరికింది. మొగుడు లేనిదానిమీద రంగు చల్లరు గద, నేను గడపకాడనే కూసున్న. అందరి నవ్వులు ఇంటిదాక వినవడ్డయి. నాకేమనిపియ్యలే.

లేసిపోయి, రంగంత దిగిపోయిన పూలను గట్టిగ పిండి, మళ్ల నీడలనే ఆరబోసిన.