పెట్టెలో నల్ల గోలీ

1986 జనవరి 14

ఈ జూన్‌తో మా డంకెల్ గ్యాప్ ఊళ్లో జీతం లేకుండా మంటలార్పే వాలంటీర్ ఫైర్ కంపెనీకి డెబ్బై అయిదేళ్లు నిండుతాయి. చరిత్ర రాసే పని చీఫ్ మెర్ల్ ఫెస్లర్ నా నెత్తిన రుద్దాడు. “చూపు తగ్గి లైసెన్సు పోయింది, ఫైరింజన్ ఎలాగూ నడపలేవు. ఓ మూల కూర్చుని రాసుకో వెర్నన్” అన్నాడు. చూపు ఆననివాడికి రాత పని ఇచ్చే తెలివి మెర్ల్‌కే ఉంది.

జనవరి 19

1911లో మా ఊరి రంపపు మిల్లు తగలబడింది. నది అవతలి ఫెర్రీటౌన్ ఫైర్ కంపెనీ వాళ్లు వంతెన దాకా వచ్చి ఆగిపోయారట. మా ఊరు వాళ్ల హద్దులో లేదట. ఆ వారమే మావాళ్లు సొంత కంపెనీ పెట్టుకున్నారు. అంటే మేం పుట్టిందే ఒళ్లు మండి. ఇలాగే రాశాను. మెర్ల్ కొట్టేస్తాడు. మళ్లీ రాస్తాను.

పెట్టె గురించి కూడా రాయాలి. మిల్లు వడ్రంగి ఏమస్ డంకెల్ వాల్‌నట్ చెక్కతో చేసిన పెట్టె అది. ఎవరైనా కంపెనీలో చేరతామంటే సభ్యులు ఒక్కొక్కరే అందులో చెయ్యి పెట్టి ఓ గోలీ వదలాలి. తెల్లది సరే, నల్లది వద్దు. ఒక్క నల్లది పడినా మనిషి బయటే. చీఫ్ ఒక్కడే సొరుగు లాగి చూసి “తెలుపు” అనో “నలుపు” అనో అంటాడు. ఎన్ని పడ్డాయో చెప్పడు. ఎవరూ తానేది వేశాడో చెప్పకూడదు, అది ప్రమాణం. మూడుసార్లు అడగొచ్చు, ఆ తర్వాత జన్మలో వీల్లేదు.

ఆ పెట్టె కేథలిక్కులను ఆపింది. కుంటి గుర్రాన్ని అంటగట్టిన ఒకడిని ఆపింది. మంచి పెట్టె.

ఫిబ్రవరి 4

నెల మీటింగు. చేరతానని జోవాన్ వచ్చింది. ఆ జోవానే. మొన్నటిదాకా నా కోడలు.

తాగుడు మానకపోతే వెళ్లిపోతానని మా అబ్బాయి డేల్‌కి చెప్పింది, చెప్పినట్టే వెళ్లిపోయింది. చెప్పకుండా పోయినవాళ్లనైనా క్షమించొచ్చు. ఇప్పుడు స్కూలు బస్సు నడుపుతోంది. ఒకప్పుడు నన్ను నాన్న అనేది. ఇవాళ గుమ్మంలో ఎదురై “బాగున్నారా వెర్నన్ గారూ” అంది. ఆ గారు చెంపదెబ్బలా తగిలింది.

మెర్ల్ ఆమెని తెగ పొగిడాడు. పగలు మగాళ్లంతా ఫ్యాక్టరీకి పోతే ఇంజన్ నడిపే దిక్కు లేదు, ఈ అమ్మాయి ఊళ్లోనే ఉంటుంది, ఎంత పెద్ద బండైనా నడుపుతుంది అన్నాడు. డేల్ తల వంచుకుని తన గోలీ వేసొచ్చాడు.

మెర్ల్ సొరుగు లాగాడు. నలుపు.

ఫిబ్రవరి 5

నల్లది నాదే. హాయిగా నిద్ర పట్టింది.

మార్చి 4

మళ్లీ అడిగింది. మళ్లీ నలుపు. ఈసారి గోలీ వేళ్ల మధ్య వెచ్చబడేదాకా పట్టుకుని మరీ వదిలాను.

ఏప్రిల్ 9

పట్టపగలు సైరన్ మోగింది. షప్ వాళ్ల గడ్డి కొట్టం. ఫైర్‌హౌస్‌కి నేను చేరాను, మోకాళ్లు పని చెయ్యని ఎల్‌వుడ్ చేరాడు. ఇద్దరం ఇంజన్ చుట్టూ తిరిగాం. నడిపేవాడు లేడు. వంతెన మీంచి ఫెర్రీటౌన్ ఇంజన్ గంట కొట్టుకుంటూ మా ముందు నుంచే పోయింది. వాళ్లలో ఒకడు మాకు చెయ్యి ఊపాడు.

వాడి చెయ్యి విరిగిపోనూ.

ఏప్రిల్ 11

కౌంటీ ఆఫీసు మనిషి వచ్చాడు. టై కట్టుకుని, మా కాఫీ తాగి మరీ చెప్పాడు. ఇంకొక్కసారి మీ ఇంజన్ గడప దాటకపోతే మీ ఊరు ఫెర్రీటౌన్ కంపెనీ కింద వేసేస్తాం అన్నాడు. డెబ్బై అయిదేళ్ల కింద మిల్లు తగలబడుతుంటే చూస్తూ నిలబడ్డవాళ్ల కింద. మెర్ల్ అతన్ని కారు దాకా దిగబెట్టాడు. నేనైతే నదిలో దిగబెట్టేవాణ్ణి.

మే 15

మధ్యాహ్నం సైరన్. మళ్లీ నేనూ ఎల్‌వుడ్. అయిపోయింది, ఇవాళ్టితో కంపెనీ పోయింది అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఏడుపొచ్చింది.

పసుపుపచ్చ స్కూలు బస్సు వచ్చి వీధిలో అడ్డంగా ఆగింది. ఖాళీది. జోవాన్ దిగింది, నన్ను దాటుకుని ఇంజన్ ఎక్కింది. సభ్యులు కానివాళ్లు దాన్ని ముట్టుకోకూడదన్నాను. “అయితే మీరే నడపండి” అంది. నేను పక్క సీటెక్కాను. “నన్ను చూడక్కర్లేదు, కుడి పక్క ఏమొస్తోందో చెప్పండి” అంది. నా కళ్లకి కుడి పక్కంతా ఉత్త మంచు. “ఏం రావట్లేదు” అన్నాను. దేవుడి దయ, నిజంగానే ఏం రాలేదు.

ముసలి మిస్సెస్ గ్రిమ్ వంటిల్లు. పంపు నేను చూశాను. దానికి కళ్లక్కర్లేదు, అరచేతికి తెలుస్తుంది. జోవాన్ నీళ్ల గొట్టం పట్టింది. వంటింటితో పోయింది, మిగతా ఇల్లు నిలబడింది. ఫెర్రీటౌన్ వాళ్లు వచ్చేసరికి మేం గొట్టం చుడుతున్నాం. ఈసారి చెయ్యి నేను ఊపాను.

ఫైర్‌హౌస్‌కి తిరిగొచ్చాం. దిగేటప్పుడు “పంపు ఒక్కసారి కూడా తగ్గలేదు” అంది. గారు లేదు, నాన్న లేదు.

మే 16

ఆ పిల్లంటే నాకిప్పటికీ గిట్టదు. కానీ నడుపుతుంది.

జూన్ 3

మూడోసారి. ఆఖరిసారి.

నా వంతు వచ్చింది. తెల్లది వేశాను. వెనక్కొచ్చి కూర్చుంటే ఒళ్లంతా తేలికైంది, ఆవిడకేదో రాజ్యం రాసిచ్చినంత గొప్పగా అనిపించింది. రెండుసార్లు ఆపింది నేనే కదా, ఇక అడ్డెవరు?

మెర్ల్ సొరుగు లాగాడు. చాలాసేపు చూశాడు.

నలుపు అన్నాడు.

ఎవర్రా అని నేను గది చుట్టూ చూశాను. అందరూ నన్నే చూస్తున్నారు. ఎల్‌వుడ్ కూడా. జోవాన్ గుమ్మంలో నిలబడి నన్నే చూసింది. తర్వాత కోటు తీసుకుని వెళ్లిపోయింది.

జూన్ 4

రాత్రి ఇంటికొచ్చేటప్పుడు డేల్ బండి పక్కకి ఆపాడు. “నన్ను వదిలేసి పోయిన మనిషికి నేను మూడుసార్లూ తెల్లదే వేశాను. మధ్యలో నీకేం పోయేకాలం నాన్నా?” అన్నాడు. ప్రమాణం తప్పి మరీ చెప్పాడు. నేనూ తప్పాను. ఈసారి నాది తెల్లదేరా అన్నాను.

నవ్వాడు. వాడు తాగి తిట్టిన రోజుల్లో కూడా నాకు ఇంత బాధ కలగలేదు.

జూన్ 14

ఉత్సవం. బ్యాండు, కాల్చిన కోళ్లు, ఊరేగింపు. నేను రాసిన చరిత్ర అచ్చేసి పంచారు. మిల్లు దగ్గర ఫెర్రీటౌన్ వాళ్లు ఆగిపోయిన సంగతి మెర్ల్ కొట్టేశాడు. నా పక్కన ఎవరూ కూర్చోలేదు. కోడి ముక్క నములుతూ ఒక్కొక్కడి మొహమూ చూశాను. నువ్వా? నువ్వా? ఆమెని అంత పొగిడిన మెర్ల్, నువ్వా? బహుశా మొదటి రెండుసార్లు కూడా నా గోలీ అక్కర్లేకపోయి ఉండొచ్చు. ఆ దొంగ ఎవడో నా కోపం చాటున దాక్కుని కూర్చున్నాడు.

ఆగస్టు 20

సైరన్ మోగింది. ఇంజన్ కదల్లేదు.

సెప్టెంబరు 8

కౌంటీ వాళ్లు వచ్చి ఇంజన్ తీసుకుపోయారు. పెట్టె ఎవరికి కావాలని మెర్ల్ అడిగాడు. ఎల్‌వుడ్ నా వైపు తోశాడు, నీదే కదా అన్నట్టు.

అక్టోబరు 27

మా ఇంటి పొగగొట్టం అంటుకుంది. ఫెర్రీటౌన్ ఇంజన్ వచ్చింది. నడుపుకొచ్చింది జోవాన్. మూడోసారి నేను వేసింది తెల్లదే అని చెప్పాను.

నీళ్ల గొట్టం మీంచి కాలు తియ్యమంది.