మణికట్టు పోయింది

కార్మికుల సహాయనిధి ఆఫీసులో ఫిర్యాదులు చూసే గుమాస్తా గారికి,

కాలర్లు కుట్టే ఆవిడ నమస్కరించి రాసేది.

నేను చొక్కాల ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్ళుగా కాలర్లు కుడుతున్నాను. ఆర్నెల్ల కిందట నా కుడి మణికట్టు పోయింది. బొటనవేలూ, దాని పక్క రెండు వేళ్ళూ ఎప్పుడూ తిమ్మిరెక్కే ఉంటున్నాయి. కత్తెర చేతిలోంచి జారినా తెలియదు, కింద పడ్డ చప్పుడు వింటేనే తెలుస్తుంది. సూపర్‌వైజరుతో చెప్పుకుంటే "వయసు మీద పడిందమ్మా" అన్నాడు. ఆ వయసేదో ఒక్క కుడిచేతి మీదే ఎందుకు పడిందో చెప్పలేదు. ఇదివరకటి పనిలో సగమే అవుతోంది, కూలీ కూడా సగమే. వైద్యానికి సాయం ఇప్పించగలరు.

ఇట్లు,
మొద్దుబారిన మూడు వేళ్ళతో, కాలర్లావిడ

తా.క.: అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకండి. రాసేదీ ఆ చేత్తోనే.

*

కాలర్లు కుట్టే శ్రీమతి గారికి,

మీ ఉత్తరం అందింది. మీ 'మణి కట్టు' పోయినందుకు విచారిస్తున్నాము. అది ఉంగరమా, హారమా? కట్టులో మణులెన్ని? ఏ రంగువి? వివరంగా తెలపగలరు. విలువైన వస్తువులు పనిలోకి తేవడం నిబంధనలకు విరుద్ధమైనప్పటికీ, విచారణ నిమిత్తం ఫైలు తెరిచాము.

ఇట్లు,
ఫిర్యాదుల గుమాస్తా

తా.క.: దాన్ని చివరిసారిగా ఎక్కడ చూశారు?

*

నాయనా గుమాస్తా,

నా దగ్గర మణులే ఉంటే కాలర్లు కుట్టుకోవలసిన ఖర్మ నాకేంటి? పోయింది నగ కాదు, చెయ్యి. చివరిసారి ఎక్కడ చూశానంటావా, ఇదిగో, భుజానికే వేలాడుతోంది.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. మణికట్టులో చిన్న సొరంగం లాంటిది ఉంటుందట, అందులోంచి నరం వెళ్తుందట. ఏళ్ళ తరబడి ఒకే పని చేస్తే లోపల వాచి, సొరంగం ఇరుకై, నరం నలుగుతుందట. పట్టీ కట్టుకుని విశ్రాంతి తీసుకోమంది, తగ్గకపోతే చిన్న ఆపరేషన్ అంది. "ఇంట్లో సాయానికి ఎవరున్నారు?" అని అడిగింది. మా ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడు గదిలో నేనూ, పొయ్యీ, ఒక కిటికీ. జడ అల్లుకోవడం చేతకాక మొన్న జుట్టు కత్తిరించేసుకున్నాను, అదీ ఎడమచేత్తో. అద్దంలో చూసుకుని పడీ పడీ నవ్వాను. నవ్వాక, ఇది ఎవరికి చెప్పాలా అని ఆలోచిస్తే ఎవరూ తోచలేదు. అందుకే నీకు రాస్తున్నాను.

ఇట్లు,
మణులు లేని కాలర్లావిడ

తా.క.: చెయ్యి పడిపోలేదు. చేతిలోవి పడిపోతున్నాయి. ఈ తేడా ఫైల్లో సరిగ్గా రాయి.

*

శ్రీమతి గారికి,

మీ రెండో ఉత్తరంతో వ్యవహారం తీవ్రరూపం దాల్చింది. ఫ్యాక్టరీలో ఒక సొరంగం ఉన్నదనీ, అది ఇరుకనీ, అందులోంచి వెళ్తూ ఒక నరుడు నలిగాడనీ గ్రహించాము. మణులు మాయం కావడానికీ ఈ సొరంగానికీ సంబంధం ఉండవచ్చు. పై అధికారులకు నివేదించాము. తనిఖీ అయ్యేదాకా మీ మిషను పక్కన కాపలా పెట్టమని యాజమాన్యానికి రాశాము.

ఇట్లు,
ఫిర్యాదుల గుమాస్తా

తా.క.: నరుడు బతికే ఉన్నాడా?

*

ఓరి నాయనోయ్,

నిన్ను బడికి పంపారా, బడి పక్కనుంచి పంపారా? నరం బాబూ, నరం! నరుడు కాదు.

కాపలావాడు రానే వచ్చాడు. కుర్చీ వేసుకుని రోజంతా నా కాళ్ళ కింది నేలనే చూస్తూ కూర్చున్నాడు. సూపర్‌వైజరు నా మిషను రెండుసార్లు జరిపించి, గచ్చు మీద సుత్తితో కొట్టించి చెవి పెట్టి విన్నాడు. భోజనాల వేళకి నేనెక్కడికో కన్నం వేస్తున్నానని ఫ్యాక్టరీ అంతా గుప్పుమంది. పక్క మిషనావిడైతే "తవ్వేటప్పుడు నాకూ చెప్పక్కా, నేనూ వస్తా" అంది.

ఒక్కమాట చెప్పనా? సాయంత్రం కాపలావాడు వెళ్తూ వెళ్తూ "వెళ్ళొస్తానమ్మా" అన్నాడు. ఆ మాట నాతో చెప్పి వెళ్ళేవాళ్ళు లేక ఎన్నాళ్ళయిందో! గదికొచ్చి అదే తలుచుకుంటూ పాలన్నీ పొంగబెట్టేశాను.

ఇంక నీకు రాయను. వేళ్ళు సహకరించడం లేదు.

ఇట్లు,
సొరంగాలావిడ

తా.క.: నరుడు క్షేమం. నిన్ను అడిగినట్టు చెప్పమన్నాడు.

*

అక్కా,

ఇది ఆఫీసు కాగితం కాదు, నా సొంతం.

మీ మొదటి ఉత్తరంలో ప్రతి అక్షరం నాకు అర్థమైంది. మణికట్టు నొప్పి అని అర్జీ వస్తే 'వయోభారం' అని ముద్ర కొట్టి బీరువాలో పడెయ్యడం మా ఆఫీసు రివాజు. కుట్టేవాళ్ళు, మాంసం కొట్టేవాళ్ళు, డబ్బాలు సర్దేవాళ్ళు, టైపు చేసేవాళ్ళు, ఒక్క ఏడాదిలో నేనే నాలుగు వందలకు పైగా కొట్టాను. అందులో పాతికేళ్ళ పిల్లలున్నారు. అదే నగలు పోయినా, సొరంగం బయటపడినా, మనిషి నలిగినా మావాళ్ళు కుర్చీల్లోంచి లేవాల్సిందే. అందుకే తెలివితక్కువ వేషం కట్టాను.

మొన్న తనిఖీకి వచ్చిన మావాళ్ళు నలిగిన మనిషి కోసం డాక్టరును వెంటబెట్టుకుని వచ్చారు కదా. మనిషి దొరక్కపోయేసరికి, వచ్చినందుకు ఏదో ఒకటి చూడాలని ఆయన మీ నలభై మంది చేతులూ చూశాడు. పదిహేను మందికి ఇదే జబ్బు. బల్లల ఎత్తు మార్చి, మధ్యమధ్య చేతులకు విరామం ఇవ్వడానికయ్యే ఖర్చు కన్నా, ఆగిన పనికీ సెలవులకీ ఆపరేషన్లకీ అయ్యేది ఎన్నో రెట్లని రిపోర్టు రాశాడు. మీ వైద్యం మంజూరైంది, కాగితం జతచేశాను. పాత అర్జీలున్న బీరువా కూడా తెరిచారు.

నన్ను సంజాయిషీ అడిగారు. "సొరంగం ఎక్కడ?" అన్నారు. నా కుడిచెయ్యి బల్ల మీద పెట్టి "ఇక్కడండీ" అన్నాను. ముద్రలు కొట్టే చెయ్యి మాత్రం చెయ్యి కాదా అక్కా? ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఇంకా చెప్పలేదు.

ఇంకోటి. నేను నాయనను కాదు, ఆడదాన్ని. ఈ గదిలో పదకొండేళ్ళుగా ఒక్కదాన్నే. వచ్చే ఉత్తరాలన్నీ ఆఫీసుకే వస్తాయి. మీవి మాత్రం నాకొచ్చాయి. నరుడు బతికే ఉన్నాడా అని అడిగింది, మీరు మళ్ళీ రాస్తారన్న ఆశతోనే.

ఇట్లు,
మీ చెల్లెలనుకోండి

తా.క.: ఆదివారం మీ గదికొస్తాను. వేళ్ళతో తట్టలేను, మోచేత్తో గుద్దుతాను, కంగారుపడకండి. గొళ్ళెం తియ్యడం మీ చేతికి రాకపోతే తొందరేం లేదు. మీరు లోపల, నేను బయట, తలుపు ఊడొచ్చేదాకా కబుర్లు చెప్పుకుందాం.